బండి పుట్టుక చెప్పే గుర్తులు

ప్రశ్నలు – జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ పాత అమెరికన్ మజిల్ కార్ల గురించే. రాసినవాళ్లంతా అమెరికాలో ఉంటున్న మన పాఠకులే. అందరి సందేహమూ ఒకటే: బండి మీద కనిపిస్తున్నది ఫ్యాక్టరీలో బిగించిందా, తరువాత ఎవరైనా తగిలించిందా? ఒక్కో ఉత్తరానికి విడిగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: 1969 కమారో జెడ్/28 ఒకటి అమ్మకానికి వచ్చింది. నారింజ రంగు, నల్ల సీట్లు. కౌల్ ట్యాగ్ మీద ఎక్స్33 అని ఉంది కాబట్టి ఇంకేమీ చూడనక్కర్లేదని అమ్మే ఆయన అంటున్నారు. ధర మాత్రం చాలా ఎక్కువ. నమ్మవచ్చా? – ప్లేనో, టెక్సస్

జవాబు: ఎక్స్33 మంచి గుర్తే. కానీ ఆ ఒక్కటి చూసి అడ్వాన్సు ఇవ్వకండి.

మొదట విన్, అంటే బండి గుర్తింపు సంఖ్య, చూడండి. 124379ఎన్ అని మొదలైతే అది 1969లో నార్వుడ్ ప్లాంటులో తయారైన వి8 కమారో కూపే. విన్ నుంచి తెలిసేది అంతే. అది జెడ్/28 అవునో కాదో అందులో ఉండదు. అందుకే మామూలు కమారోను జెడ్/28గా మార్చి అమ్మడం తేలికైంది.

తరువాత హుడ్ ఎత్తి, ఫైర్‌వాల్ మీదున్న కౌల్ ట్యాగ్ చదవండి. ఎక్స్ కోడ్లు నార్వుడ్ బండ్లకే వేశారు. అందుకే వాన్ నైస్ ప్లాంటు బండికి ఎక్స్ కోడ్ కనిపిస్తే ఆ ట్యాగే దొంగది. ఎక్స్33 అంటే స్టైల్ ట్రిమ్ ఉన్న జెడ్/28. ఎక్స్77 అంటే ఆ ట్రిమ్ లేని జెడ్/28. స్టైల్ ట్రిమ్‌తో చక్రాల తోరణాల చుట్టూ మెరిసే మోల్డింగులు, పైకప్పు అంచున డ్రిప్ మోల్డింగులు, ఒంటి మీద సన్నని గీతలు వచ్చేవి. ఎక్స్77 ట్యాగ్ ఉన్న బండికి చక్రాల మోల్డింగులు కనిపిస్తే వాటిని తరువాత బిగించి ఉండే అవకాశమే ఎక్కువ. రంగు దగ్గర 72 72 అని ఉండాలి. అది హగ్గర్ ఆరెంజ్. ట్రిమ్ దగ్గర 711 ఉంటే మామూలు నల్ల వినైల్ సీట్లు, 712 ఉంటే కస్టమ్ రకం. ట్యాగ్ మీద 711 ఉండి లోపల కస్టమ్ డోర్ ప్యానెళ్లు కనబడితే సంగతేమిటని అడగండి.

ఆ పైన ఇంజన్. కుడివైపు సిలిండర్ హెడ్‌కు ముందు చదునైన ప్యాడ్ ఉంటుంది. దాని మీద వి0212డీజెడ్ అని ఉందనుకోండి. వి అంటే ఫ్లింట్ ప్లాంటు, 0212 అంటే ఫిబ్రవరి 12, డీజెడ్ అంటే 1969 జెడ్/28కు వేసిన 302 ఇంజన్. అదే ప్యాడ్ మీద గానీ ఆయిల్ ఫిల్టరు పక్కన గానీ 19ఎన్ తరువాత విన్‌లోని చివరి ఆరు అంకెలు ఉండాలి. బ్లాకు వెనకవైపు పోత తేదీ ఉంటుంది. ఎ 29 9 అంటే 1969 జనవరి 29. ట్యాగ్ మీద 02డి అంటే బండి ఒళ్లు ఫిబ్రవరి నాలుగో వారానిది. ఈ మూడు తేదీలు వరుస తప్పకూడదు: ముందు బ్లాకు పోత, తరువాత ఇంజన్ బిగింపు, ఆ తరువాత బండి. ఇంజన్ తేదీ బండి తేదీ తరువాతదైతే అది దానితో పుట్టింది కాదు.

ప్యాడ్ మీద ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు ఉంటాయి. ప్యాడ్ అద్దంలా నున్నగా ఉండి అంకెలు మాత్రం కొత్తగా లోతుగా కనిపిస్తే మళ్లీ గుద్దారేమోనని అనుమానించండి. రీబిల్డ్‌లో బ్లాకు పైభాగం కోయించినప్పుడు కూడా ఆ గీతలు పోతాయి. అలాంటప్పుడు మెషిన్ షాపు రసీదు అడగండి. ఇంకొకటి: జెడ్/28ను ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో గానీ ఏసీతో గానీ అమ్మలేదు. అవి ఫ్యాక్టరీవేనని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయవచ్చు.

ప్రశ్న: నేను కొన్న 1970 షెవెల్‌కు ముందూ వెనుకా ఎస్ఎస్ బ్యాడ్జీలున్నాయి. విన్ మాత్రం 13637తో మొదలవుతోంది. అది మాలిబు నంబరని స్నేహితుడు బెదరగొట్టాడు. పైగా బ్యాడ్జి 396 అంటుంటే ఇంజన్ 402 అని మెకానిక్ చెప్పాడు. మోసపోయానా? – నోవై, మిషిగన్

జవాబు: ఈ రెండు కారణాలతోనైతే కంగారు పడకండి. 1966 నుంచి 1968 వరకు ఎస్ఎస్ 396 విడి మోడల్. విన్ 138తో మొదలయ్యేది. 1969 నుంచి అది ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. అందుకే 1970 ఎస్ఎస్‌కు మాలిబు నంబరే ఉంటుంది. 402 సంగతీ అంతే. ఇంజన్ పెద్దదైనా కంపెనీ బ్యాడ్జి మీద 396నే ఉంచింది.

అయితే ఈ విన్ మీ బండిని ఎస్ఎస్ అని నిరూపించదు కూడా. నిరూపించేది కాగితం. పెట్రోలు ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల మధ్య బిల్డ్ షీట్ (ఫ్యాక్టరీ పని కాగితం) కోసం వెతకండి. 1970 ఎస్ఎస్ 396కు జెడ్25, ఎస్ఎస్ 454కు జెడ్15 కోడ్. పాత యజమాని దగ్గర వారంటీ పుస్తకంతో వచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు పలక ఉందేమో అడగండి. బండి కెనడాలో కొత్తగా అమ్ముడైందైతే జీఎం కెనడా రికార్డులు తెప్పించుకోవచ్చు.

కాగితం దొరక్కపోతే ఇనుమును చూడాలి. 12 బోల్టుల వెనక యాక్సిల్, ముందు డిస్క్ బ్రేకులు, వెనక స్టెబిలైజర్ బార్ ఉన్నాయా? ఫెండర్ల లోపలికి, ట్రంకులోకి టార్చి వేసి చూడండి. వేరే బ్యాడ్జి రంధ్రాలను వెల్డింగుతో పూడ్చిన మచ్చలుంటే అవి చాలా చెబుతాయి. ఇవన్నీ తరువాత కూడా చేయదగ్గ పనులే. కాబట్టి విడివిడిగా ఏదీ రుజువు కాదు, అన్నీ కలిస్తే నమ్మకం పెరుగుతుంది.

ప్రశ్న: మా మావగారు 1975లో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, సెకండ్‌హ్యాండులో 1967 జీటీఓ కొన్నారు. ఇప్పుడు బండి మా గ్యారేజీలో ఉంది. అక్షరాల మీద క్రోమ్ గుంటలు పడింది, మోల్డింగులకు సొట్టలున్నాయి. మావారు అన్నీ తీసేసి కొత్త సెట్టు బిగిద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ మనసు చెప్పిందే సరైనదమ్మా. ఏ ముక్కనూ పారేయనివ్వకండి.

ముందు ఏ ముక్క ఏ లోహమో తెలుసుకోండి. స్టెయిన్‌లెస్ మోల్డింగు అయితే తెలిసినవాళ్లు సొట్ట తీసి, రుద్ది, పాలిష్ పెడితే మళ్లీ కొత్తదవుతుంది. అల్యూమినియం ముక్కల మీద ఆనోడైజింగ్ పొర ఉంటుంది. ఆ పొర తీయకుండా పాలిష్ పెడితే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అక్షరాలు, చిహ్నాలు చాలావరకు జింకు పోత మీద క్రోమ్ వేసినవి. గుంటలు పడేవి ఇవే. వీటిని బాగుచేయడం ఖర్చుతో కూడిన పని, అయినా కుదిరే పనే.

అసలు ముక్క వెనక సాధారణంగా పార్ట్ నంబరో తయారీదారు గుర్తో ఉంటుంది. కొత్త నకళ్లలో అవి లేకపోవచ్చు, అంచులు మొద్దుగా ఉండవచ్చు, బండి ఒంపుకు సరిగ్గా అతుక్కోకపోవచ్చు. 1967లో ఫెండర్ వెనక భాగం నుంచి జీటీఓ చిహ్నాన్ని కిందికి, వెడల్పాటి రాకర్ ట్రిమ్ మీదికి మార్చారు. మీ బండికి అవి అక్కడే ఉన్నాయేమో చూడండి. విప్పే ముందు ప్రతి ముక్కకూ ఫొటో తీయండి. క్లిప్పులతో సహా సంచిలో వేసి, పేరు రాసి పెట్టండి. తిరగడానికి నకళ్లు బిగించినా అసలువి బండితోనే ఉండాలి.

మీకొక అదృష్టం ఉంది. పాంటియాక్ ఫ్యాక్టరీ ఇన్వాయిసుల నకళ్లు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర దొరుకుతాయి. 1966 నుంచి జీటీఓ విడి మోడల్ కనుక మీ విన్ 242తో మొదలవ్వాలి. అంతకుముందు 1964, 65లో అది లీమాన్స్ మీద ఆప్షన్. ఆ బండ్లకు ఇన్వాయిసే దిక్కు. మీ బండి ఏ రంగుతో, ఏ సామానుతో బయటికొచ్చిందో అందులో ఉంటుంది. తెప్పించి మావగారి చేతిలో పెట్టండి. ఆయనకు దొరికేనాటికి బండిలో ఏవేం మారి ఉన్నాయో ఆయన్నే అడిగి రాసుకోండి. ఆ జ్ఞాపకం ఏ కంపెనీ దగ్గరా దొరకదు.

ప్రశ్న: 1970 ప్లిమత్ రోడ్‌రన్నర్ వెనక సీటు విప్పితే బ్రాడ్‌కాస్ట్ షీట్ దొరికింది. ఇక తిరుగులేదు కదా? – అట్లాంటా

జవాబు: ముందు ఆ షీటు మీద ఉన్న విన్ మీ బండిదేనా చూడండి. ఒక బండి కాగితం మరో బండి సీట్లో దొరకడం కొత్త కాదు. లైను మీద పనివాళ్లకు అది పని కాగితమే. ఏభై ఏళ్ల తరువాత సాక్ష్యమవుతుందని వాళ్లు అనుకోలేదు.

క్రైస్లర్ విన్ ఇంజన్ సంగతి కూడా చెబుతుంది. ఆర్‌ఎం23ఎన్0 అంటే 1970 రోడ్‌రన్నర్ హార్డ్‌టాప్, 383 ఇంజన్. ఎన్ స్థానంలో వి ఉంటే మూడు కార్బురేటర్ల 440. ఆర్ ఉంటే 426 హెమీ. ఎన్ ఉన్న బండిలో హెమీ కూర్చుని ఉంటే అది తరువాత వచ్చినదే. షీటును ఫెండర్ ట్యాగ్‌తోనూ, రేడియేటర్ సపోర్టు మీద, ఇంజన్ మీద గుద్దిన అంకెలతోనూ పోల్చండి. కాగితాన్ని ల్యామినేషన్ చేయించకండి. ఫొటో తీసి, ఎండ తగలని చోట దాచండి.

ప్రశ్న: 1969 మస్టాంగ్ మాక్ 1 అని ఎలా తేల్చుకోవాలి? – సియాటిల్

జవాబు: ఆ ఏడాది విన్‌లో మాక్ 1కు వేరే గుర్తు లేదు. తలుపు మీది ప్లేటులో బాడీ కోడ్ 63సి ఉండాలి. ప్లేట్లు కొత్తవి చేయించుకోవచ్చు కనుక అక్కడితో ఆగకండి. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి మార్టీ ఆటో వర్క్స్ ఇచ్చే నివేదిక తెప్పించుకుని ప్లేటుతో పోల్చండి. డబ్బు కట్టే ముందే ఆ పని చేయండి.

ప్రశ్న: నా బండి ఇంజన్ అసలుది కాదని తేలింది. అమ్మేటప్పుడు చెప్పాలా? చెబితే ధర పడిపోతుంది. – కొలంబస్, ఒహాయో

జవాబు: చెప్పండి. అసలు ఇంజన్ లేకపోవడం తప్పు కాదు. ఈ బండ్లను కొన్నవాళ్లు రేసులకు వాడారు, ఇంజన్లు పగిలాయి, కొత్తవి వేశారు. మామూలు బండికి ఎస్ఎస్ రూపం ఇచ్చి, అది ప్రతిరూపమని చెప్పి అమ్మేవాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. లేని అంకెలు గుద్దడం, ట్యాగులు మార్చడం మాత్రం క్షమించలేను. విన్‌ను చెరపడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కూడా. ఒక్క దొంగ ముద్ర పడితే ఆ బండి చరిత్ర ఇక ఎవరికీ సరిగా తెలియదు.

ఒక కాగితం తీసుకుని ఏది ఫ్యాక్టరీది, ఏది మార్చింది, ఎప్పుడు, ఎవరి చేత అన్నది వరుసగా రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. ధర కొంత తగ్గితే తగ్గనివ్వండి. మీ తరువాత ఆ బండి కొనే మనిషి మళ్లీ ఇలాంటి ఉత్తరం రాయాల్సిన అవసరం ఉండదు.