అపరాధ పరిశోధన – పుస్తకం నుండి వెండితెరకు



డిటెక్టివ్ పుస్తకాలు చదివితే చదువు చెడుతుందని పెద్దలు మందలిస్తుంటారు. పరీక్షల ముందు చదివితే అది నిజమే. అయితే వాటిలోనూ మనం నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉంది.

పుట్టుక: 1841లో అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో రాసిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్'ను తొలి డిటెక్టివ్ కథగా చెబుతారు. 1887లో కానన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించాడు. డాక్టర్ వాట్సన్‌ను చూసిన మొదటి రోజే, "మీరు అఫ్గానిస్థాన్ నుండి వచ్చారు" అని హోమ్స్ గ్రహిస్తాడు. అది మంత్రం కాదు. ఎండకు కమిలిన ముఖం, గాయపడిన చేయి, సైనికుడి తీరు చూసి చెప్పిన మాట.

తెలుగులో: కొమ్మూరి సాంబశివరావు (1926–1994) గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మన ముందుతరం వారికి ఇంటివాళ్ళంత పరిచయం. అసిస్టెంట్ ఎందుకంటే, పాఠకుడికి కలిగే సందేహాన్ని అతడు అడగాలి, డిటెక్టివ్ దానికి జవాబు చెప్పాలి.

తెరపై: పుస్తకంలో క్లూను ఒక వాక్యంలో దాచవచ్చు. సినిమాలో అది కంటికి కనబడాలి, అయినా మనం గమనించకూడదు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్'ను జంధ్యాల 1986లో సినిమాగా తీశారు. వశిష్ఠకు అవతల మొగల్తూరులో పుట్టిన చిరంజీవి అందులో నవ్వించే డిటెక్టివ్. నవ్విస్తూనే, హత్య కేసులో ఇరుక్కున్న అమాయకురాలిని బయటపడేస్తాడు. మన గోదావరి సీమ పసలపూడికి చెందిన వంశీ 1985లో 'అన్వేషణ' తీశారు. అడవిలో చావులన్నీ పులి చేసినవేనని అందరూ నమ్ముతారు. నిజం వేరు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరు డిటెక్టివే అనుమానితుడై పోలీసుల చేతికి చిక్కుతాడు.

మనకు పాఠం: ఈ కథలన్నింటిలోనూ మొదట అనుమానం పడినవాడు చాలాసార్లు నేరస్థుడు కాడు. హాస్టల్లో ట్రంకుపెట్టెలోని డబ్బులు పోతే ముందు ఎవరి పేరు వస్తుంది? కొత్తగా చేరినవాడిది, బొత్తిగా లేనివాడిది. ఊళ్ళో ఏదైనా పోతే "హాస్టలు పిల్లలే" అంటారు. ఆ మాట పడటం ఎంత బాధో మనకు తెలుసు. తెలిసిన మనమే తోటివాడిని అలా అనకూడదు. కాబట్టి:

1. కళ్ళతో చూసినది, ఇతరులు చెప్పగా విన్నది వేరుచేయాలి.
2. ఆ సమయంలో ఎవరు ఎక్కడ ఉన్నారో అందరినీ ఒకేలా అడగాలి.
3. రుజువు దొరికేవరకు ఎవరి పేరూ పైకి అనకూడదు.

దొంగ దొరక్కపోతే పోయేది డబ్బే. నిర్దోషిని దొంగ అంటే అతడు చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. సెలవుల్లో ఒక డిటెక్టివ్ నవల చదవండి. చివరి పేజీ ముందే తిప్పకుండా, దోషి ఎవరో మీరే ఆలోచించండి.