చలికాలపు పనులు – మన చిన్నబిడ్డలు

కుటుంబ పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, 20-21, 1 సమూయేలు 1:21-24, 2:18-19, మార్కు 10:13-16



కార్తికము దాటి చలి ముదిరినది. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవి అంచువరకు ఏ ఊరిలోనైనను ఇప్పుడు ఖాళీగా నున్న చెయ్యి కనబడదు. ఒకప్రక్క వరి కోసి, పనలు కట్టి, కుప్ప వేసి, కళ్లములో నూర్చవలెను. మరియొకప్రక్క పత్తి విచ్చి చేనంతయు తెల్లబడినది. మంచు ఆరగానే ఏరుటకు పోవలెను. మిరపతోటకు నీరు పెట్టవలెను. ఇవి చాలవన్నట్లు సంఘములో ఆగమనకాలపు కూటములు, ఇల్లిల్లు తిరిగి పాడు క్రిస్మస్ పాటలు, బడిపిల్లల నాటికలు, గుడికి సున్నము వేయుట, డిసెంబరు 31 రాత్రి ఆరాధన.

ఇన్ని పనుల నడుమ మన ఇంటిలోని చిన్నబిడ్డ ఎక్కడ నున్నాడు? ఈ నెల పాఠములో ఈ ఒక్క ప్రశ్ననే దేవుని సన్నిధిని విచారింతము.

ఈ ప్రశ్న మాకు మా ఇంటనే ఎదురైనది. ఒక సంవత్సరము డిసెంబరు నెలలో మేము మూడు వారములు రాత్రివేళల ఊరూరు తిరిగి పాటలు పాడించితిమి. ఇంటికి వచ్చుసరికి బిడ్డలు నిద్రపోయియుండిరి. వారు లేచుసరికి మేము మరల కూటముల ఏర్పాట్లకు వెళ్లియుంటిమి. ఒక ఉదయమున మా ఐదేండ్ల చిన్నవాడు గుమ్మములో నిలిచి, “నాయనా, యేసయ్య పండుగ అయిపోయినాక మీరు మనింట్ల ఉంటరా?” అని అడిగెను. మాకు జవాబు రాలేదు. యేసయ్య అనగా తన తండ్రిని ఇంటినుండి తీసికొనిపోవువాడని ఆ పసిమనస్సు తలంచెను. అట్లు తలంచునట్లు చేసినది మేమే. ఆ మాట నేటికిని మాకు గుచ్చుకొనుచునే యున్నది.

శిష్యులు చేసిన తప్పు

మార్కు 10వ అధ్యాయములో కొందరు చిన్నబిడ్డలను ప్రభువునొద్దకు తెచ్చినప్పుడు అడ్డగించినవారు ఎవరు? పరిసయ్యులు కారు, రోమా సైనికులు కారు. ప్రభువుతోకూడ తిరుగుచున్న శిష్యులే. వారు చెడ్డ తలంపుతో అడ్డగించిరని అనుకొననక్కరలేదు. బోధకునికి పని ఎక్కువ, యెరూషలేము ప్రయాణము ముందున్నది, పిల్లలు తరువాత రావచ్చునని తలంచియుందురు. అయితే ప్రభువు కోపపడెనని సువార్తికుడు వ్రాయుచున్నాడు. పని ఎంత పరిశుద్ధమైనదైనను బిడ్డను ప్రక్కకు నెట్టుటకు అది కారణము కానేరదు. సంఘపు పనికే ఈ మాట వర్తించినయెడల పత్తి చేనికిని వరి కళ్లమునకును మరి ఎక్కువగా వర్తించును గదా!

అయితే ఏమి చేయుదుము? పంట కోయక మానలేము. కూలికి పోక జరుగదు. ఇట్టి కష్టజీవులకే మోషే మార్గము చూపెను. దేవుని మాటలను బిడ్డలకు నేర్పుటకు అతడు వేరుగా ఒక దినమును అడుగలేదు. లేచు వేళ, నడచు వేళ, ఇంట కూర్చుండు వేళ, పండుకొను వేళ: ఎంత పనివానికైనను తప్పని నాలుగు వేళలనే చూపెను. వీటిని ఒక్కొక్కటిగా చూతము.

1. లేచు వేళ

మన ప్రాంతమున చలికాలపు తెల్లవారుజామున చాల వాకిళ్లలో నెగడు మండును. తాత, నాయనమ్మ, పిల్లలు దాని చుట్టు చేరి చేతులు కాచుకొందురు. ఇంటివారందరు ఒక్కచోట కూడు వేళ దినమంతటిలో ఇది యొక్కటే కావచ్చును. ఆ నెగడు దగ్గరనే కుటుంబ ప్రార్థన జరుపుకొనవచ్చును. దీర్ఘప్రార్థన అక్కరలేదు, ఐదు నిమిషములు చాలును. అందరికి తెలిసిన పాటలో ఒక చరణము, సువార్తనుండి నాలుగు వచనములు, ఒక్కొక్క బిడ్డ పేరు చెప్పి చేయు చిన్న ప్రార్థన. తల్లి పొయ్యి దగ్గర సద్ది సిద్ధపరచుచుండును. ఆమె కుండ దింపి వచ్చువరకు మిగిలినవారు ఆగవలెను. ఆమె లేని ప్రార్థన కుటుంబ ప్రార్థన కాదు.

పెద్దలకు చదువు రానియెడల బడికి పోవు బిడ్డచేత చదివించుడి. తాను చదువగా తాత తలవంచి వినుట చూచిన బిడ్డ వాక్యమునకు గల ఘనతను జీవితాంతము మరువడు. కోయభాష మాటలాడు ఇండ్లలో వాక్యము తెలుగులో చదివినను ప్రార్థన కోయభాషలో చేయుడి. 19వ శతాబ్దములో దుమ్ముగూడెమున చర్చి మిషనరీ సొసైటీ సేవకుడైన జాన్ కెయిన్ దొర కోయభాష నేర్చుకొని, దానిని గూర్చి వ్రాసిపెట్టెను. దూరదేశమునుండి వచ్చినవాడు ఈ ప్రజల మాటను గౌరవించెను. మన బిడ్డ తల్లిఒడిలో నేర్చిన మాటలో దేవునితో మాటలాడుటకు మనము సిగ్గుపడనేల?

ఒక హెచ్చరిక. నడక నేర్చుచున్న బిడ్డను నెగడు దగ్గర ఒంటరిగా విడువకుడి. మంటలోనికి వంగకుండ ఒకరు చేయి పట్టియుండవలెను. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము.

2. నడచు వేళ

చేనికి పోవు దారిలో చిన్నవాడు ప్రశ్నమీద ప్రశ్న వేయును. మంచు ఎక్కడనుండి వచ్చును? గింజను ఎవరు చేసిరి? తలపై గంప, చంకలో చంటిబిడ్డ ఉండగా, “ఊకో, నడువు” అనుట మనకు అలవాటు. అయితే ద్వితీయోపదేశకాండము 6:20లో బిడ్డ ప్రశ్న అడుగును, తండ్రి జవాబు చెప్పును. ఆ జవాబులో తాము దాసులైయుండిన సంగతి, దేవుడు విడిపించిన సంగతి కలదు. మన బిడ్డ అడుగునప్పుడు దేవుడు మన తాతలకు, మనకు చేసిన మేలులను చెప్పుటకు దారి తెరచుకొనుచున్నది. బోయజు కోతవారియొద్దకు వచ్చినప్పుడు యెహోవా నామమున వారిని పలకరించెను. వారును ఆ నామముననే అతని దీవించిరి (రూతు 2:4). మన చేనిలో బిడ్డలు వినుచున్నది ఏ మాటలు? దీవెనలా, తిట్లా?

ఇక్కడనే ఒక బరువైన మాట చెప్పవలసియున్నది. పత్తి ఏరు దినములలో పది పండ్రెండేండ్ల పెద్దపిల్లను బడి మాన్పించి చంటిబిడ్డను అప్పగించుట మన సంఘములలోను జరుగుచున్నది. నాలుగు వారములేగదా అందుము. ఆ నాలుగు వారములలో పాఠములు ముందుకు పోవును, పిల్ల వెనుకబడును, వెనుకబడిన పిల్ల సిగ్గుపడి మరల బడి మెట్టు ఎక్కదు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలందరికి ఉచిత విద్య హక్కని చెప్పుచున్నది. చట్టముకంటె ముందుగా దేవుడే ఆ బిడ్డను మనకు అప్పగించెను. మూడేండ్లు నిండిన చిన్నవారిని అంగన్‌వాడికి పంపవచ్చును. అంతకంటె చిన్నవారికొరకు సంఘములోని ఇద్దరు పెద్దమ్మలు వంతులవారీగా గుడి అరుగుమీద కూర్చుండినయెడల ఎందరో పెద్దపిల్లలు బడికి పోగలరు. పండుగ అలంకరణకంటె ఇది ప్రభువునకు ఎక్కువ ఇష్టమైన అర్పణ కాదా?

పాలిచ్చు తల్లులు ఇప్పచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పనిచేయుచుందురు. మందు కొట్టిన చేనిలో పనిచేసిన తరువాత సబ్బుతో చేతులు కడిగికొని, పైబట్ట మార్చుకొనక బిడ్డను ఎత్తుకొనకుడి. మందు డబ్బాలను ఎంత కడిగినను నీళ్లకు గాని పాలకు గాని వాడకుడి.

3. ఇంట కూర్చుండు వేళ

ఎల్కానా ఇంటివారు ఏటేట షిలోహునకు ఆరాధనకు పోవుచుండిరి. సమూయేలు పుట్టిన తరువాత హన్నా వారితో పోలేదు. బిడ్డ పాలు విడుచువరకు ఇంటనే యుండెదనని చెప్పెను. భర్త ఆమెను నిందింపక, నీకు మంచిదని తోచినట్లు చేయుమనెను. ఈ చిన్నమాటను మనము తరచుగా దాటిపోవుచున్నాము. ఏటేటి పండుగకు పోనందున హన్నా భక్తి తగ్గలేదు. ఆ సంవత్సరములలో బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండుటయే ఆమె ఆరాధన.

కావున రాత్రి పాటలకు రాలేకపోయిన బాలింతను గూర్చి, “ఆమెకు ఆసక్తి లేదు” అని ఎవరును పలుకకుడి. పాటల బృందమే ఆమె వాకిటికి పోయి ఒక పాట ఎక్కువగా పాడవలెను. తల్లీ, నీవును దిగులుపడకుము. దేవుడు నీ ఇంటిలోనే నిన్ను చూచుచున్నాడు.

సమూయేలు దేవాలయములో నున్న కాలమున హన్నా ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెను. ఏటేట అనగా ఏటేట బిడ్డ ఎంత పెరిగెనో ఆమె మనస్సులో కొలుచుకొనుచుండెనన్నమాట. క్రొత్తబట్టల దుకాణమున అప్పు చేయుట ప్రేమ కాదు. పాతచీర మడతలతో కుట్టిన వెచ్చని బొంతలో ఎంతో ప్రేమ ఇమిడియుండును.

అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసిపెట్టు ఆచారము మన తల్లులకు తెలిసినదే. ఈ నెలలో ఆ పిడికెడు బిడ్డచేత తీయించుడి. వాని పిడికిలి చిన్నది. బియ్యము సగము నేలరాలును. కోపపడకుడి. ఇచ్చుట నేర్చిన ఆ చెయ్యి రేపు సంఘమును పోషించును.

4. పండుకొను వేళ

రాత్రి ఒళ్లు నొప్పులతో ఇల్లు చేరుదుము. కూలి తక్కువ వచ్చెననియు, పత్తికి ధర పలుకలేదనియు మాటకు మాట పెరుగును. బొంతలో బిడ్డ కన్నులు మూసికొని అన్నియు వినుచుండును. సూర్యుడు అస్తమించువరకు కోపము నిలుపరాదని అపొస్తలుడు ఎఫెసీయులకు వ్రాసెను (4:26). పగలు బిడ్డను అన్యాయముగా కొట్టియుండినయెడల రాత్రి వాని ప్రక్కన కూర్చుండి, “తప్పయింది బిడ్డా” అని చెప్పుడి. తండ్రి బిడ్డయెదుట తప్పు ఒప్పుకొనుటవలన గౌరవము పోదు. క్షమాపణ అనగా నేమో బిడ్డ అక్కడనే నేర్చుకొనును. పంటడబ్బు చేతికి వచ్చిన సాయంకాలము బ్రాందీ దుకాణము దాటి తిన్నగా ఇంటికి వచ్చు తండ్రి ఆ రాత్రి గొప్ప ప్రసంగము చేసినవాడే.

చలిరాత్రులలో పసిబిడ్డ దగ్గును తేలికగా తలంపకుడి. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు రొమ్ము లేచి పడుటను నిండుగా ఒక నిమిషము లెక్కించుడి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకెక్కువ గాని, రెండు నెలలు మొదలు ఏడాది లోపు వానికి 50 గాని ఎక్కువ గాని, ఏడాది మొదలు ఐదేండ్ల లోపు వానికి 40 గాని ఎక్కువ గాని వచ్చినయెడల అది నిమోనియా కావచ్చును. డొక్కలు లోపలికి పోవుచున్నను, పాలు త్రాగలేకున్నను, మగతగా నున్నను తెల్లవారువరకు ఆగవద్దు, పసరు పోయవద్దు; వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. దారిపొడుగున ప్రార్థించుడి. ప్రార్థించు నోరును వైద్యునియొద్దకు నడుచు కాళ్లును ఒక్క దేవుని వరములే.

మన మొదటి సువార్త పొలము

మన దోర్నకల్ అధ్యక్ష మండలపు మొదటి బిషప్పు వి. యస్. అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, 1945 జనవరి 1న ప్రభునందు నిద్రించిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారి చేతిని వారి తలపైనే పెట్టించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయనియు వారినోటనే పలికించుట ఆయన వాడుక. ఈ మండలములో సంఘములు పెరిగినది జీతగాండ్ర వలననే కాదు, ఇట్లు ఒప్పుకొనిన సామాన్య రైతు కూలీల వలన. ఆ ఒప్పుదల మన తరమునకును చెందినదే. అయితే సువార్త మొదట వినవలసినవారు ఎవరు? మన బొంతలోనే నిద్రించుచున్నవారు. పది ఊళ్లలో పాడి, ఇంటిలో పలుకనివారము కాకుందము.

ఆ ఉదయము తరువాత మేము వారములో మూడు రాత్రులు మాత్రమే పాటలకు పోవ నిర్ణయించుకొంటిమి. ఒక రాత్రి దగ్గరి ఊరికి చిన్నవానినికూడ భుజముపై ఎత్తుకొని పోతిమి. మూడవ ఇంటికే వాడు నిద్రపోయెను. పాటలు తగ్గెను గాని పండుగ తగ్గలేదు. వరి కుప్ప నాలుగు దినములు ఆగగలదు. బిడ్డ బాల్యము ఆగదు.

ఇంటివారు కలిసి మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో అందరు కూడు వేళ ఏది? ఆ వేళ ఐదు నిమిషములు ప్రభువునకు ఇయ్యగలమా?
2. మన పిల్లలలో ఎవరైనను పనికొరకు బడి మానుచున్నారా? ఏమి చేసిన మానకుందురు?
3. ఈ చలికాలమున బిడ్డ మననోట ఎక్కువగా వినినది ఏమి?
4. మన వీధిలో సహాయము కావలసిన బాలింత ఎవరు?

ఈ నెల నెగడు దగ్గర పఠనము

మొదటి వారము: ద్వితీయోపదేశకాండము 6:1-9. రెండవ వారము: రూతు 2. మూడవ వారము: 1 సమూయేలు 1:20-28, 2:18-21. నాలుగవ వారము: లూకా 2:1-20.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, పశువుల తొట్టిలో నీ కుమారుని పరుండబెట్టిన దేవా, మా చేతుల కష్టమును నీవెరుగుదువు. మా తొందరలో నీవిచ్చిన బిడ్డలను అడ్డగించితిమి, క్షమించుము. ఈ చలిలో వారి దేహములను కాపాడుము. మా అలసిన నోటను దీవెన మాటలుంచుము. మేము లేచునప్పుడును పండుకొనునప్పుడును మాయందు నిన్ను చూచునట్లు వారికి కృపనిమ్ము. యేసుక్రీస్తు ప్రభువు నామమున అడుగుచున్నాము. ఆమేన్.