నారు నీరసించిందా? ముందు వేరు చూడండి



మిరప అంటే మనకు కూరలో కారం ఒక్కటే కాదు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు ఎన్నో ఇళ్లకు అదే ఏడాది బతుకు. ఎకరం తోటకు కావలసిన నారు ఒక్క సెంటు మడిలో పెరుగుతుంది. ఆ సెంటు పోతే ఎకరం పోయినట్టే. మళ్లీ విత్తనం కొని చల్లాలంటే డబ్బు కావాలి. అదనూ దాటిపోతుంది.

ఒక ఊళ్లో అత్తా కోడలూ ఉన్నారు. ఎకరం పొలం కౌలుకు తీసుకున్నారు. అప్పు తెచ్చి విత్తనం కొన్నారు. నారు పోశారు. పద్దెనిమిదో రోజున కోడలు మడి దగ్గరికి వెళ్లింది. చూసి గుండె జారిపోయింది. ఒక మూల మొక్కలు పడిపోయి ఉన్నాయి. నడుమ మొక్కలు గిడసబారి ఉన్నాయి. వేపచెట్టు వైపు మొక్కలు పాలిపోయి, సన్నగా సాగి ఉన్నాయి.

కోడలు ఇంటికి పరుగెత్తింది. డబ్బాతో యూరియా తీసుకొచ్చింది.

"ఆగమ్మాయ్! ఏం చేస్తున్నావ్?" అంది అత్త.

"నారు నీరసంగా ఉంది అత్తయ్యా. కాస్త యూరియా చల్లితే లేస్తుంది."

"బిడ్డ ఏడిస్తే ప్రతిసారీ ఆకలేనా? కడుపునొప్పి అయితేనో? ఆ నొప్పి మీద అన్నం పెడతావా? ముందు ఒక మొక్క తీసి వేరు చూద్దాం పట్టు."

వేరు ఏం చెప్పింది?

అత్త పల్లపు మూలలో ఒక మొక్కను మట్టితో సహా తీసింది. వేరు గోధుమ రంగులో ఉంది. కాండం నేలకు తగిలేచోట మెత్తబడి, దారంలా సన్నబడింది. మట్టి పిండితే నీరు కారింది.

"ఇది నారు కుళ్లు తెగులు. ఇక్కడ నీరు నిలిచింది. దీని మీద యూరియా వేస్తే మొక్క ఇంకా మెత్తబడి తొందరగా చస్తుంది," అంది అత్త.

నడుమ మొక్కను తీసింది. వేరు తెల్లగానే ఉంది. కానీ జానెడు చోట యాభై మొక్కలు! విత్తనం ఒత్తుగా పడింది. ఒకదాని తిండి ఒకటి లాక్కుంటోంది.

వేపచెట్టు వైపు మొక్క వేరూ బాగానే ఉంది. దానికి ఎండే తగలడం లేదు. వెలుతురు కోసం మెడ సాచింది, అంతే.

ఒకే మడి. మూడు జబ్బులు. ఒక్కదానికీ యూరియా మందు కాదు.

ఏం చేశారు?

1. పల్లపు మూలకు కాలువ తీసి నీరు బయటికి పంపారు. చచ్చిన మొక్కలు ఏరి దూరంగా పారేశారు. రెండు రోజులు నీరు ఆపారు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి, మొక్కల మొదళ్లు తడిసేలా పోశారు.

2. ఒత్తుగా ఉన్నచోట బక్క మొక్కలు పీకి పలుచన చేశారు.

3. నీడ పడే వేపకొమ్మలు కొట్టించారు.

4. అప్పటినుంచి పొద్దునపూటే నీరు పెట్టారు. సాయంత్రం పెడితే రాత్రంతా మడి తడిగా ఉండి తెగులు పెరుగుతుంది. వేలు గుచ్చి చూసి, మట్టి ఆరితేనే పోశారు.

మందు కొనడానికి కోడలే వెళ్లింది. కొట్టు అతను వేరే పొట్లం చేతిలో పెట్టాడు. కోడలు కూడబలుక్కుని పేరు చదివింది. "ఇది కాదండీ. కాపర్ ఆక్సీ క్లోరైడ్ ఇవ్వండి," అంది. గడువు తేదీ చూసింది. బిల్లు అడిగి తీసుకుంది. విత్తనం బిల్లు, ఖాళీ పొట్లం కూడా అప్పటికే పెట్టెలో దాచి ఉంచింది. విత్తనంలో తేడా ఉంటే అడగడానికి అవే ఆధారం.

చివరికి ఏమైంది?

పల్లపు మూల నారు చాలావరకు పోయింది. దాన్ని కాపాడలేకపోయారు. మిగిలింది కోలుకుంది. ముప్పావు ఎకరానికి నారు సరిపోయింది. పావు ఎకరంలో కంది వేశారు. "మూడు రోజులు ముందు చూసి ఉంటే ఆ పావూ దక్కేది," అంది అత్త. ఆ రోజునుంచి కోడలు రోజూ పొద్దున్నే మడి చూస్తోంది. నీరు పెట్టిన రోజు, మందు పోసిన రోజు నోటుబుక్కులో రాస్తోంది.

నిజంగా ఆకలి అయితే?

వేరు తెల్లగా ఉంది. నీరు నిలవలేదు. ఎండ తగులుతోంది. మొక్కలు పలుచగానే ఉన్నాయి. అయినా అడుగు ఆకులు ముందుగా పసుపు పచ్చగా మారుతున్నాయి. అప్పుడు అది ఆకలే. నీళ్లలో కరిగే 19-19-19 ఎరువు లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకుల మీద చల్లండి.

ఆకులు ముడుచుకుపోతే అది పురుగు పని కావచ్చు. పైకి ముడిస్తే తామర పురుగులు. కిందికి ముడిస్తే నల్లి. ఆ మొక్కను చేత పట్టుకుని మండల వ్యవసాయ అధికారికి చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నంబరు 1800-180-1551. డబ్బు ఖర్చు కాదు.

వచ్చే ఏడు ముందుగానే...

• మడి మీటరు వెడల్పు, అర అడుగు ఎత్తు ఉండాలి. చుట్టూ కాలువ ఉండాలి.
• బాగా చివికిన పశువుల ఎరువే వేయాలి. పచ్చి పేడ వద్దు.
• కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టించాలి.
• వరసల్లో పలుచగా విత్తాలి. వరసకూ వరసకూ నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి.
• పైన కప్పిన గడ్డిని మొలక రాగానే తీసేయాలి.
• విత్తిన 9వ రోజున, 13వ రోజున కాపర్ ఆక్సీ క్లోరైడ్ నీళ్లు పోస్తే కుళ్లు రాకుండా ఉంటుంది.
• ఆరు వారాల నారు నాటాలి. నాటే ముందు వారం నీరు తగ్గిస్తే నారు గట్టిపడుతుంది. పీకే ముందు మాత్రం మడి తడపాలి.

జాగ్రత్త! మందు కలపడానికి వంటింటి గిన్నెలు వాడొద్దు. చేతితో కలపొద్దు. పిల్లలకు అందనివ్వొద్దు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆలోచించండి - చెప్పండి

1. అత్త కోడలిని యూరియా ఎందుకు చల్లనివ్వలేదు?
2. మీ ఊళ్లో నారు పోతే ముందు ఏం చేస్తారు?

లెక్క చేయండి

లీటరు నీటికి 3 గ్రాముల మందు. 10 లీటర్ల బిందెకు ఎన్ని గ్రాములు?

చదవండి - రాయండి

నారుమడి, వేరు, తెగులు, గడువు తేదీ, బిల్లు.