బంక్ మంచం: బిగించే పాఠం

విశాఖలో రెండు గదుల ఇంట్లో నలుగురు పిల్లలు పడుకోవాలంటే బంక్ మంచం మంచి ఉపాయం. అది విడి చెక్కలుగా అట్టపెట్టెలో వస్తుంది. బిగింపులో తప్పు జరిగితే పడేది పైన పడుకున్న బిడ్డే. అందుకే దాతలకు ఈ నాలుగు మాటలు.

ముందుగా చెక్కలు, బోల్టులు నేలమీద పరిచి, కాగితంలోని జాబితాతో లెక్క సరిచూడాలి. బోల్టులన్నీ మొదట వదులుగానే ఎక్కించాలి. తర్వాత టేపుతో చట్రం రెండు కర్ణాలూ కొలవాలి. సమానంగా వస్తే మూలలు లంబకోణాలే, ఇక గట్టిగా బిగించవచ్చు. బడిలో మేము చెప్పే లెక్కే ఇది.

అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం పై మంచం రెయిలింగు పరుపు కంటే కనీసం 5 అంగుళాలు ఎత్తుండాలి. సందులు 3.5 అంగుళాలు మించితే బిడ్డ ఒళ్లు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. 6 ఏళ్లలోపు పిల్లలను పైన పడుకోబెట్టరాదు. మన ఇళ్లలో మరో జాగ్రత్త: సీలింగ్ ఫ్యాను దగ్గర ఈ మంచం వేయకూడదు.

సముద్రపు గాలి తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. బోల్టులు వదులవుతాయి, తుప్పు పడతాయి. నెలకోసారి సరిచూసి బిగించాలి. కాబట్టి మంచం ఇచ్చినంత మాత్రాన మన పని పూర్తి కాదు. బిగించే తాళం ఆ తల్లి చేతికిచ్చి, ఎలా తిప్పాలో చూపించి వద్దాం.