ఉత్తేజిత బొగ్గు: దాని బలమును, దాని హద్దులును



పురుగుమందు డబ్బా లేని పల్లె నేడు అరుదు. పత్తిచేనికి, మిరపతోటకు, వరిమడికి తెచ్చిన మందు ఇంటి మూలనే ఉండుచున్నది. అది పొరపాటుననో, పసితనముననో, మనోవ్యథచేతనో ఎవరి కడుపులోనికైనను పోయినప్పుడు ఇంటివారు చేతికందిన చికిత్సకు పూనుకొందురు. “బొగ్గు నూరి నీళ్లలో కలిపి పట్టింపుడు, విషము విరుగును” అను సలహా మేము తిరుగు గ్రామములలో పలుమారు వినుచున్నాము. ఈ మాటలో కొంత సత్యము కలదు. ఆ కొంత సత్యమును నమ్మి కాలము పోగొట్టుకొనుటయే ప్రమాదము. కావున బొగ్గు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో ఈ పాఠమున విచారింతము.

1. పొయ్యి బొగ్గు వేరు, మందు బొగ్గు వేరు

కట్టెనుగాని కొబ్బరి చిప్పనుగాని గాలి చాలనిచోట కాల్చిన బొగ్గగును. ఆ బొగ్గును మరల సుమారు 800 మొదలు 1,000 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో నీటియావిరి తగులునట్లు కాల్చినయెడల, ఆవిరి దానిని లోలోపల తొలిచి, కంటికి కానరాని సూక్ష్మరంధ్రములను లెక్కలేనన్ని కల్పించును. దీనినే ఉత్తేజిత బొగ్గు అందురు.

ఒక గ్రాము ఉత్తేజిత బొగ్గులోని రంధ్రముల గోడలనన్నిటిని పరచి కొలువగలిగినచో, ఇంచుమించు 1,000 చదరపు మీటర్లు తేలును. అనగా మన లెక్కలో దాదాపు 25 సెంట్లు. చిటికెడు పొడిలో పావెకరము నేల ఇమిడియున్నదన్నమాట! కడుపులోని విషపుటణువులు ఈ గోడలకు అంటుకొనును. బొగ్గు మాత్రము రక్తములోనికి పోక, తనకంటిన దానితోకూడ మలముతో వెలికి పోవును.

పొయ్యిలోని బొగ్గునకు ఈ రంధ్రసంపద లేదు. దానియందు బూడిదయు, పొగకు సంబంధించిన హానికర పదార్థములును ఉండవచ్చును. మాడిన రొట్టె సంగతియు అంతే. రంగు ఒకటైనంతమాత్రమున గుణమొకటి కాదు.

2. ఈ విద్య ఎట్లు వచ్చినది?

1785లో రష్యా దేశపు పీటర్సుబర్గు పట్టణమున లోవిట్జు అను రసాయనజ్ఞుడు బొగ్గు ద్రావకములలోని రంగును తీసివేయునని కనుగొనెను. పిదప పంచదార తయారుచేయువారు పాకమును తెల్లబరచుటకు ఎముకల బొగ్గును వాడసాగిరి. 1900, 1901 సంవత్సరములలో ఓస్ట్రెయికో అను నతడు బొగ్గును ఉత్తేజపరచు పద్ధతులకు పేటెంటు హక్కులు పొందెను. 1915లో, మొదటి ప్రపంచయుద్ధమున, విషవాయువులనుండి సైనికులను కాపాడుటకు రష్యాలో జెలిన్‌స్కీ బొగ్గు ముసుగును సిద్ధపరచెను. వైద్యశాలలలో నేడు వాడుచున్నది ఈ వంశపు బొగ్గే.

3. విషమునకు మందుగా

కొన్ని విషములకు, ముఖ్యముగా మితిమీరి మ్రింగిన పలువిధముల మాత్రలకు, ఇది మంచి సాధనము. పెద్దలకు సాధారణముగా 50 గ్రాములు, పిల్లలకు శరీరపు బరువులో కిలో ఒక్కింటికి 1 గ్రాము చొప్పున నీటిలో కలిపి వైద్యులిత్తురు. విషము కడుపులో నున్నంతవరకే దీనికి పని. కావుననే మ్రింగిన గంటలోపల ఇచ్చిన మేలు కలుగుట కవకాశమెక్కువ. రక్తమున చేరిన దానిని ఇది వెనుకకు తెచ్చుట సామాన్యముగా జరుగదు.

అన్ని విషములును దీనికి అంటవు. సారాయి, ఆసిడ్లు, కాస్టిక్ సోడా వంటి క్షారములు, ఇనుపధాతువుగల మాత్రలు దీనికి లొంగవు. కిరసనాయిలు త్రాగినవానికి దీనిని పట్టించి వాంతి రప్పించినయెడల, నూనె ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగును.

మన పొరుగుననున్న శ్రీలంకలో ఈ విషయమై గొప్ప పరీక్షలు జరిగినవి. 2003లో ప్రకటింపబడిన పరీక్షలో, ఒకజాతి విషపుగింజలు తిన్నవారికి బొగ్గును పలుమారులిచ్చుటవలన మరణములు తగ్గెను. కాని 2008లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష ఇంతకంటె పెద్దది. అందులో పురుగుమందులును విషపుగింజలును తిన్నవారే మిక్కుటముగా నుండగా, మొత్తము 4,632 మందిని పరీక్షించిరి. బొగ్గు ఇయ్యనివారిలో నూటికి 6.8 మందియు, పలుమారులిచ్చినవారిలో నూటికి 6.3 మందియు మరణించిరి. ఈ స్వల్పభేదము బొగ్గువలన కలిగినదని చెప్పుటకు చాలదని పరీక్షకులు తేల్చిరి. ఆసుపత్రిలో, నేర్చిన వైద్యుల చేతులలోనే ఫలమింత పరిమితమైనప్పుడు, మన వాకిట నూరిన పొయ్యిబొగ్గును నమ్ముట ఎట్లు?

మరియొక అపాయము కలదు. మగతలో నున్నవానికి, మూర్ఛ వచ్చుచున్నవానికి నోట ఏమి పోసినను అది శ్వాసనాళములో దిగవచ్చును. విషముచే చావనివాడు దీనిచే చావవచ్చును.

4. మరి ఇంట చేయవలసినదేమి?

వెంటనే 108కి ఫోను చేయవలెను, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్పవలెను. ఉప్పునీరు పోసి వాంతి చేయింపరాదు. మందు మీదపడిన బట్టలు విప్పి, ఒడలిని సబ్బుతో కడుగవలెను. కడుగువారు తమ చేతులకు తొడుగు వేసికొనవలెను. స్పృహ తప్పినవానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. మందు డబ్బానైనను దాని చీటీనైనను తప్పక వెంట తీసికొనిపోవలెను. ఏ విషమో తెలిసినగాని వైద్యునికి దారి దొరకదు. పెక్కు పురుగుమందుల విషమునకు అట్రోపిన్ అను సూదిమందు ప్రాణాధారము. అది ఆసుపత్రిలోనే కలదు.

5. పశువుల మాట

లాంటానా పొద మేసి కామెరలు పట్టిన పశువునకు ఉత్తేజిత బొగ్గు పనికివచ్చునని ఆస్ట్రేలియా పశువైద్యులు చూపిరి. అయితే పెద్ద పశువునకు 2½ కిలోలవరకు కావలెను. దానిని గొట్టముతో కడుపులోనికి దించవలెను. ఇది పశువైద్యుని పని. జొన్న నాము మేసి పడిపోయిన పశువునకు బొగ్గు చాలదు. దానికి సోడియం థయోసల్ఫేటు సూది త్వరగా పడవలెను.

6. ఆహారములో బొగ్గు

పట్టణములలో నల్లని ఐసుక్రీము, నల్లని ఇడ్లీ, నల్లని పానీయము ఇప్పుడు వేడుకగా అమ్ముచున్నారు. “ఒంటిలోని విషమునంతయు కడుగును” అని వాటిని పొగడుదురు. ఆరోగ్యవంతుని ఒంటిలోని మలినములను తీసివేయుటకు కాలేయమును మూత్రపిండములును ఉన్నవి; ఆ పనికి బొగ్గు తినుట అవసరమని నిరూపణ లేదు.

పైగా బొగ్గు మంచిచెడ్డల వివేకము లేనిది. విషమును పట్టినట్లే మందును కూడ పట్టును. గుండెజబ్బునకు, మూర్ఛకు మాత్రలు మ్రింగువారును, గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలును దీనిని తినినయెడల, మ్రింగిన మాత్ర ఒంటికి పట్టక వ్యర్థము కావచ్చును. మలబద్ధకమును కలుగవచ్చును. 2018లో న్యూయార్కు నగరపు ఆరోగ్యశాఖ అచటి హోటళ్లలో ఇట్టి పదార్థములను అమ్మరాదని అడ్డగించెను. ఒక్క మేలును మాత్రము ఒప్పుకొనవలెను: భోజనమునకు అరగంట ముందు 1 గ్రాము, భోజనానంతరము 1 గ్రాము తీసికొనిన కడుపులోని అధికవాయువు తగ్గునని 2011లో ఐరోపా ఆహారభద్రతా సంస్థ అంగీకరించెను. ఇతర మందులు వాడువారు అదియు వైద్యునడిగియే చేయవలెను.

7. జ్ఞాపకముంచుకొనదగినవి

పొయ్యిబొగ్గు మందు కాదు. ఉత్తేజిత బొగ్గు మందే; కాని అది వైద్యుని చేతిలోని మందు. విషము మ్రింగినవేళ రోగికి మిగిలిన ధనము కాలమొక్కటే; దానిని బొగ్గు నూరుటలో ఖర్చుచేయరాదు. పురుగుమందును శీతలపానీయపు సీసాలలో పోయక, దాని డబ్బాలోనే ఉంచి, తాళములో భద్రపరుపవలెను. మన సంఘసభ్యులు ఈ పాఠమును చదువురాని ఇరుగుపొరుగువారికి, ముఖ్యముగా ఇంటనుండు స్త్రీలకు, చదివి వినిపించినయెడల మా శ్రమ సఫలమగును.