రసీదు లేని కుళాయి

రమణమ్మ ఇల్లు ఊరి చివర ఉంది. వీధి కుళాయి చాలా దూరం. పొద్దున్నే బిందెలతో వరసలో నిలబడాలి. ఆలస్యమైతే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లోనే కుళాయి ఉంటే ఎంత బాగుండు అనుకునేది.

ఒకరోజు పైపుల మేస్త్రీ ఒకడు వచ్చాడు.

"అక్కా, రెండు వేలు ఇవ్వు. రేపటికల్లా నీ ఇంట్లో కుళాయి పెట్టేస్తా. పంచాయతీ చుట్టూ తిరిగే పని లేదు" అన్నాడు.

రమణమ్మ డబ్బు ఇచ్చింది. రసీదు అడగలేదు. అప్పటికి ఆమెకు చదువు రాదు.

మేస్త్రీ రాత్రికి రాత్రే రోడ్డు తవ్వాడు. మెయిన్ పైపుకు చిల్లు పెట్టాడు. దగ్గరి దారి అని మురుగు కాలువలోంచి పైపు లాగాడు. అతుకు గట్టిగా వేయలేదు. తెల్లారేసరికి కుళాయిలో నీళ్లు వచ్చాయి. రమణమ్మ ఎంతో సంతోషించింది.

వానాకాలం వచ్చింది. నీళ్లు వాసన వేశాయి. రమణమ్మ మనవడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి పిల్లలకూ అంతే. అందరూ ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్లలు ఎలాగో గట్టెక్కారు. పంచాయతీ వాళ్లు వచ్చి చూశారు. ఆ పైపు కోసేశారు. మేస్త్రీ మాత్రం మళ్లీ కనిపించలేదు.

తప్పు ఎక్కడ జరిగింది?

మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అతుకులో సందు ఉంటే బయటి మురికి లోపలికి పోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురికి మన బిందెలోకి వస్తుంది. ఒక ఇంటి అతుకు చెడితే నాలుగు ఇళ్ల నీళ్లు చెడతాయి.

పైపు ఎటునుంచి పోవాలి? అతుకు ఎలా వేయాలి? ఇవి తెలిసినవాళ్లు చూడాలి. అనుమతి అందుకే.

గుర్తుంచుకోవలసినవి

1. రోడ్డు తవ్వే ముందు పంచాయతీ అనుమతి తీసుకోవాలి.
2. మంచినీటి పైపు మురుగు కాలువలోంచి పోకూడదు. కాలువకు దూరంగా, ఎత్తులో ఉండాలి.
3. కుళాయి పైపుకు మోటారు బిగించకూడదు. మోటారు పక్కవాళ్ల నీళ్లు లాగేస్తుంది. అతుకుల్లోంచి మురికినీ లాగుతుంది.
4. మరుగుదొడ్డి నీరు ఇంకే గుంట, తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే సుమారు 60 అడుగులు.
5. కొత్త ఇల్లు కట్టాలన్నా ముందు పంచాయతీ అనుమతి కావాలి.
6. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి.

రమణమ్మ రాసిన అర్జీ

తర్వాత రమణమ్మ రాత్రి బడిలో చేరింది. చదవడం, రాయడం నేర్చుకుంది. ఒకరోజు తానే అర్జీ రాసింది.

*పంచాయతీ కార్యదర్శి గారికి,*
*అయ్యా,*
*మా ఇంటికి కుళాయి లేదు. మాకు కుళాయి కనెక్షన్ ఇప్పించగలరు. ఇంటి పన్ను రసీదు నకలు జత చేశాను.*
*ఇట్లు,*
*రమణమ్మ*

అర్జీ కింద ఇంటి నంబరు, తేదీ వేసింది. పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది.

"వేలిముద్ర వేస్తావా అమ్మా?" అని అడిగారు.

"సంతకం పెట్టాను బాబూ, చూడండి" అంది.

చెప్పిన డబ్బు కట్టింది. రసీదు ఇచ్చారు. రమణమ్మ కదలలేదు. అక్కడే నిలబడి కూడబలుక్కుని చదివింది. పేరు ఉంది. డబ్బు అంకెల్లో, అక్షరాల్లో ఉంది. ముద్ర ఉంది.

"బాబూ, తేదీ వేయలేదు" అంది.

కార్యదర్శి రసీదు తీసుకుని తేదీ వేసి ఇచ్చాడు.

కొన్నాళ్లకు కొత్త పైపు వేశారు. ఈసారి కాలువకు దూరంగా వేశారు. మట్టి పూడ్చే ముందు రమణమ్మ దగ్గరుండి అతుకులు చూసింది.

మన హక్కు

2019లో కేంద్ర ప్రభుత్వం జల జీవన్ మిషన్ మొదలుపెట్టింది. పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీరు అందాలి. ఊరి నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నీళ్ల కష్టం మనది. ఆ సంఘంలో మనమూ కూర్చోవాలి, మాట్లాడాలి.

ఆలోచించండి, చెప్పండి

1. రమణమ్మ మనవడికి జబ్బు ఎందుకు చేసింది?
2. రసీదులో ఏమేమి చూసుకోవాలి?
3. ఇంట్లో అయిదుగురు ఉంటే రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు అందాలి? 15 లీటర్ల బిందెతో కొలిస్తే ఎన్ని బిందెలు?
4. మీ వీధిలో పైపు మురుగు కాలువలోంచి పోతోందా? చూసి రండి.

రాయండి

అనుమతి, అర్జీ, రసీదు, సంతకం, కార్యదర్శి