చిగుళ్ల మందుకు రొయ్య పెంకు: ఏ డిగ్రీకి ఏ దారి?

‘సహజ పాలిమర్ల నిపుణులు కావలెను’ అన్న ప్రకటన కోసం చూస్తూ కూర్చోకండి, అలాంటిది దాదాపు రాదు. ఫార్ములేషన్ ఆర్ అండ్ డీ, మెడికల్ డివైసెస్ అన్న పేర్లతో వెతకండి.

ముందు పని ఏమిటో చూద్దాం. చిగురుకీ పంటికీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. జబ్బు ముదిరితే అది 5, 6కు దిగుతుంది. గాలి సోకని ఆ లోతులో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. పుక్కిలించే మందు అక్కడిదాకా చేరదు. అందుకే గార తీశాక సందులో పెట్టే చిప్‌లు వచ్చాయి. జెలటిన్‌లో 2.5 మిల్లీగ్రాముల క్లోర్‌హెక్సిడిన్ ఇమిడ్చిన పెరియోచిప్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 1998లో అనుమతిచ్చింది. వారం, పది రోజులు మందు వదులుతూ అదే కరిగిపోతుంది.

ఇప్పుడు చాలా ల్యాబుల చూపు కైటోసాన్ మీద ఉంది. భీమవరం, నెల్లూరు వైపు గుట్టలుగా మిగిలే రొయ్య పెంకుల్లోని కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాతో వేడిచేస్తే (డీఎసిటైలేషన్) వచ్చేది ఇదే. పలుచటి ఆమ్లంలో కరిగి ధనావేశం పొందుతుంది, రుణావేశమున్న బ్యాక్టీరియా పొరకు అతుక్కుని దాన్ని దెబ్బతీస్తుంది. మెలిక ఏమిటంటే, పీహెచ్ 7 దగ్గరికొచ్చేసరికి ఆ ఆవేశం చాలావరకు పోతుంది. ఈ చిక్కు విప్పేవాళ్లకే గిరాకీ. పైగా బ్యాక్టీరియా చచ్చినంత మాత్రాన వాపు పోదు. ఎముకను తినేసేది చాలావరకు మన ఒంటి రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడమే. అందుకే వాపు తగ్గించడానికి హయలురోనిక్ ఆమ్లం జెల్‌లనూ వాడి చూస్తున్నారు.

బీఫార్మసీ వాళ్లకు దారి సూటిగానే ఉంది. జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ తీసుకోవడమే. హైదరాబాద్ నైపర్ కావాలంటే నైపర్ జేఈఈ కూడా రాయాలి. బీడీఎస్ వాళ్లు నీట్ ఎండీఎస్‌తో పెరియోడాంటిక్స్‌కు వెళ్లొచ్చు. మైక్రోబయాలజీ విద్యార్థులు ఆక్సిజన్ లేకుండా కల్చర్ చేయడం నేర్చుకోవాలి. బ్లడ్ అగార్ మీద నల్లటి కాలనీలు కనిపించడానికి రోజులు పడుతుంది, ఓపిక లేనివాళ్లకు ఇది పడదు. ఫిషరీస్ వాళ్లు కొచ్చిలోని సీఐఎఫ్‌టీని మరవొద్దు, దానికి విశాఖలోనూ కేంద్రం ఉంది.

ప్రాజెక్టు చిన్నదైనా సొంతంగా చేయండి. రెండు బ్యాచ్‌ల కైటోసాన్ తెచ్చి చిక్కదనం, డీఎసిటైలేషన్ శాతం పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం గట్టెక్కినట్టే. “రొయ్య పడని రోగికి దీన్ని పెట్టొచ్చా?” అని కూడా అడగొచ్చు. అలర్జీ తెచ్చేది ప్రధానంగా రొయ్యలోని ప్రోటీన్. కాబట్టి శుద్ధి చేశాక ప్రోటీన్ ఎంత మిగిలిందో ఎలా కొలిచారో చెప్పాలి.